గుండె ఆపరేషన్ అయిన అమ్మ చేతికి స్మార్ట్ వాచీ: ఎలా పెట్టాలి, ఏం చూడాలి, ఏం పట్టించుకోకూడదు

స్టెంట్ వేయించుకునో బైపాస్ చేయించుకునో అమ్మ ఇంటికొచ్చిన వారంలోపే కొడుకో కూతురో ఒక స్మార్ట్ వాచీ తెచ్చి చేతికి పెట్టేస్తారు. మంచిదే. కానీ డబ్బా తెరిచి, ఫోన్‌కి కలిపి, వయసూ బరువూ కొట్టేసి వదిలేస్తే ఆ వాచీ ఆమెని పాతికేళ్ల కుర్రాణ్ణి చూసినట్టే చూస్తుంది. పదివేల అడుగులు వేయమంటుంది, గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటుంటే శభాష్ అంటుంది, తీరా ఆవిడ పొద్దున అయిదింటి నుంచి వంటింట్లో నిలబడి చేసిన చాకిరీకి మాత్రం "ఈ రోజు మీరు సరిగా కదల్లేదు" అని మెసేజ్ పెడుతుంది.

ఏ కంపెనీ వాచీ కొనాలో నేను చెప్పను. ఇంట్లో ఉన్నదాన్నే కార్డియాక్ రీహాబ్‌లో ఉన్న ఆడమనిషికి పనికొచ్చేలా మార్చుకోవడం ఎలాగో చెప్తాను. అసలు సంగతి ఇంతే: వాచీ సొంతంగా పెట్టే టార్గెట్లన్నీ ఆపేయండి, డాక్టర్ దగ్గర్నుంచి ఒక అంకె తెచ్చుకోండి, గుండె వేగం ఆ అంకె దాటితే వాచీ చేతి మీద వణికేలా సెట్ చేయండి.

రీహాబ్ అంటే తెలియనివాళ్లకి ఒక మాట. గుండెపోటు, స్టెంట్, బైపాస్, వాల్వ్ ఆపరేషన్ లాంటివి అయ్యాక వ్యాయామం, తిండి, మందులు, టెన్షన్ తగ్గించుకోవడం, ఇవన్నీ కలిపి కొన్ని వారాలపాటు ఫిజియో, డాక్టర్ల కనుసన్నల్లో నడిపించే కార్యక్రమం అది. అమెరికాలో మామూలుగా 12 వారాల్లో 36 సెషన్లు చేయిస్తారు. ఎక్కడ చూసినా మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లని రీహాబ్‌కి పంపేది తక్కువ, పంపినా చివరిదాకా వెళ్లేవాళ్లు ఇంకా తక్కువ. ఎందుకో మన ఇళ్లల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మనవణ్ణి స్కూల్ బస్సు ఎవరు ఎక్కిస్తారు, వంటెవరు చేస్తారు, ఆవిణ్ణి ఎవరు తీసుకెళ్లి తీసుకొస్తారు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ఛార్జీల బాధ తప్పింది గానీ, ఛాతీ మీద కుట్లతో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ నుంచి పంజాగుట్ట దాకా వారానికి మూడుసార్లు బస్సులో రావడం మాటలు కాదు. అందుకే చాలామంది మొదటి కొన్ని సెషన్లు ఆసుపత్రిలో చేసి మిగతావి ఇంటి దగ్గరే కానిచ్చేస్తారు. అక్కడ పక్కన ఫిజియో ఉండరు, మానిటర్ ఉండదు. వాచీ అవసరం సరిగ్గా అక్కడే.

ముందు అంకె, తర్వాతే వాచీ

డిశ్చార్జి రోజున గానీ మొదటి రివ్యూలో గానీ డాక్టర్నో ఫిజియోనో సూటిగా అడగండి: "అమ్మ నడుస్తున్నప్పుడు పల్స్ ఎంత దాటకూడదు? కూర్చుని ఉన్నప్పుడు ఎంతకంటే తగ్గితే మీకు ఫోన్ చేయాలి?" ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా చెబితే ఇంటికొచ్చేసరికి ఒక్కొక్కరికి ఒక్కోలా గుర్తుంటుంది.

వాచీ తనంతట తానే ఒక లెక్క వేస్తుంది కదా, అది చాలదా అంటారేమో. చాలా వాచీలు వాడేది గుండె గరిష్ఠ వేగాన్ని 220లోంచి వయసు తీసేసి చెప్పే పాత లెక్క. అరవై ఏళ్లావిడకి 160 వస్తుంది. ఆడవాళ్లకి ఈ లెక్క ఎక్కువ చూపిస్తోందని 2010లో గుండె డాక్టర్ మార్తా గులాటీ బృందం వేరే సూత్రం ఇచ్చింది: వయసుని 0.88తో గుణించి 206లోంచి తీసేయాలి. అదే అరవై ఏళ్లావిడకి 153 వస్తుంది. సరే, ఇదీ మన పనికి రాదు. ఎందుకంటే గుండె జబ్బు వచ్చిన చాలామంది బీటా బ్లాకర్ వాడుతుంటారు, గోలీల షీటు వెనక మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ అని ఉంటుంది చూడండి, అవే. వాటి పనే గుండె వేగాన్ని తగ్గించడం. ఆ గోలీ వేసుకున్న మనిషికి 115 దగ్గరే గట్టి వ్యాయామం అయిపోతుండొచ్చు. వాచీ మాత్రం ఇంకా నీలం రంగు చూపిస్తూ "వార్మప్" అంటూంటుంది. కాబట్టి స్క్రీన్ మీద కనిపించే రంగురంగుల జోన్లని మర్చిపోండి.

ట్రెడ్‌మిల్ టెస్ట్ చేసి ఉంటే డాక్టర్ దాన్ని చూసి పరిమితి చెప్తారు. టెస్ట్ కాకపోతే, తొలి వారాల్లో చాలా రీహాబ్ సెంటర్లు విశ్రాంతిలో ఉన్న పల్స్‌కి ఇంకో 20 నుంచి 30 కలిపి అంతకు మించొద్దంటాయి. అంటే కూర్చుని ఉన్నప్పుడు 72 ఉంటే నడకలో 92 నుంచి 102 మధ్యలో ఆపాలి. ఇది అర్థమవడానికి చెప్పిన ఉదాహరణే, మీ అమ్మ అంకె మీ డాక్టరే చెప్పాలి. మందు మార్చినా, డోసు పెంచినా తగ్గించినా ఆ అంకెని మళ్లీ అడగాలి. ఇది మాత్రం చాలామంది మర్చిపోతారు.

అంకె చేతికొచ్చాక వాచీ సెట్టింగ్స్‌లో గరిష్ఠ హార్ట్ రేట్ హెచ్చరిక అని ఒకటి ఉంటుంది, అక్కడ ఆ అంకె పెట్టండి. కొన్ని వాచీల్లో మామూలు హెచ్చరిక 100 లేదా 120 నుంచే మొదలవుతుంది, అదీ కదలకుండా ఉన్నప్పుడు మాత్రమే పనిచేస్తుంది. వాటిలో నడక కోసం వర్కౌట్ మోడ్ తెరిచి, అందులో విడిగా హెచ్చరిక పెట్టాలి. పెట్టాక ఒకసారి కావాలనే తక్కువ అంకె పెట్టి వణుకుతోందో లేదో పరీక్షించండి, ఆ వణుకు ఎలా ఉంటుందో అమ్మకి కూడా తెలియాలి కదా.

గాజులు, పచ్చబొట్టు, కుట్లు

వాచీ వెనక వెలిగే పచ్చ లైటు చర్మం కింద రక్తం పారడాన్ని చూసి పల్స్ లెక్కపెడుతుంది. లైటుకీ చర్మానికీ మధ్య సందుంటే లెక్క తప్పుతుంది. మన ఆడవాళ్ల దగ్గర మొదటి చిక్కు గాజులు. వాచీ గాజుల మధ్యలో ఇరుక్కుంటే కదిలిన ప్రతిసారీ గాజు దాన్ని తోస్తుంది, అంకెలు ఎగిరెగిరి పడతాయి. గాజులు తీయమని ఎవరూ చెప్పక్కర్లేదు. వాచీని మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైకి, మోచేతి వైపు పెట్టి, గాజుల్ని దాని కిందకి వదిలేస్తే సరి. పట్టీ కింద ఒక వేలు దూరేంత బిగువు చాలు.

రెండోది పచ్చబొట్టు. మన తెలంగాణ పెద్దావిడల్లో ముంజేతి మీద పచ్చబొట్టు ఉన్నవాళ్లు ఎంతమందో. ఆ సిరా పచ్చ లైటుని మింగేస్తుంది, వాచీ గీతలు చూపిస్తుంది లేదా నోటికొచ్చిన అంకె చెప్తుంది. వాచీ చెడిపోయిందని షాపుకి పరిగెత్తకుండా ఇంకో చేతికి మార్చి చూడండి.

యాంజియోగ్రామ్ మణికట్టు నుంచి చేసి ఉన్నా, బైపాస్ కోసం చేతి నుంచి రక్తనాళం తీసి ఉన్నా, పూర్తిగా మానేదాకా ఆ చేతికి వాచీ వద్దు. వ్యాయామంలో పల్స్ కొలవడానికి ఛాతీకి కట్టే బెల్టులు వాచీల కంటే కచ్చితంగా చూపిస్తాయన్నది నిజమే, కానీ బైపాస్ అయిన ఆడవాళ్లకి ఆ బెల్టు సరిగ్గా రొమ్ముల కింద, కుట్ల కింది చివర దగ్గర ఒరుసుకుంటుంది. ఆపరేషన్‌లో కోసిన ఛాతీ ఎముక, కుట్లు మానేదాకా దాని జోలికి పోవద్దు. మణికట్టు దగ్గర ఎంతకీ కుదరకపోతే పైచేతికి కట్టే బ్యాండ్లు దొరుకుతాయి, అవి మెరుగు.

పేస్‌మేకర్ లేదా ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) ఉన్నవాళ్లు వాచీనీ దాని అయస్కాంతపు ఛార్జర్‌నీ ఆ పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, జాకెట్లో దోపుకోవడం, ఛాతీ మీద చెయ్యి వేసుకుని పడుకోవడం లాంటివి వద్దు. ఒంట్లో కొవ్వు శాతం చూపించే ఫీచర్ కొన్ని వాచీల్లో ఉంటుంది, అది శరీరంలోకి కొద్దిగా కరెంటు పంపి కొలుస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాన్ని అసలు ముట్టుకోకూడదు.

వాచీ నిజం చెప్తోందో లేదో తేల్చుకోవడానికి వేళ్లే చాలు. బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి, కూర్చుని ఒకసారి, నడిచి ఆగగానే ఒకసారి. అయిదారు తేడా ఉంటే ఫర్వాలేదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకి, అంటే గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకి, వాచీ తక్కువ చూపించే అవకాశం ఉంది, వాళ్లు పూర్తి నిమిషం లెక్కపెట్టాలి.

ఆపేయాల్సినవి

అడుగుల టార్గెట్, నిండని రింగులు, "లేచి నడవండి" అనే సతాయింపు, స్ట్రెస్ స్కోరు, వీటి నోటిఫికేషన్లన్నీ తీసేయండి. ఆపరేషన్ అయి మూడు వారాలైన మనిషికి రాత్రి ఎనిమిదింటికి "ఇంకా 4,000 అడుగులు మిగిలాయి" అని వస్తే ఆవిడ హాల్లోనే గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. నిజంగా తిరుగుతారు.

చవక వాచీల్లో చూపించే బీపీని నమ్మొద్దు. కొన్ని పెద్ద కంపెనీల వాచీలు కూడా చేతికి కట్టే బీపీ మిషన్‌తో ప్రతి నాలుగు వారాలకీ సరిచూసుకుంటేనే పనిచేస్తాయి, అంటే ఎలాగూ మిషన్ కొనాల్సిందే, అలాంటప్పుడు మిషన్‌తోనే చూసుకోండి. ఇక షుగర్ చూపించే వాచీ అని అమ్ముతుంటారు. సూది గుచ్చకుండా షుగర్ కొలుస్తామని చెప్పే వాచీలు, ఉంగరాలు వాడొద్దని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది, అలాంటిది ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని కూడా చెప్పింది. ఇన్సులిన్ తీసుకునే మనిషి ఆ అంకె చూసి డోసు మార్చుకుంటే ప్రాణాల మీదకొస్తుంది.

ఈసీజీ ఉన్న వాచీ అయితే ఉండనివ్వండి, పనికొస్తుంది. వేలు పెట్టి 30 సెకన్లు కదలకుండా కూర్చుంటే లయ తప్పుతోందో లేదో చెప్తుంది, గుండె దడ వచ్చినప్పుడు తీసిపెట్టుకున్న ఆ పీడీఎఫ్ డాక్టర్‌కి ఉపయోగం. కానీ గుండెపోటుని అది పట్టలేదు. ఆసుపత్రిలో 12 లీడ్లతో, అంటే గుండెని పన్నెండు కోణాల్లో చూస్తూ తీసే ఈసీజీ వేరు, ఇది ఒక్క లీడ్. "వాచీలో నార్మల్ అని వచ్చింది" అని ఇంట్లో కూర్చోవడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు, అందులోనూ ఆడవాళ్లకి గుండెపోటు చాలాసార్లు ఛాతీనొప్పితో పాటు, ఒక్కోసారి అది పెద్దగా లేకుండానే, ఆయాసం, దవడ నొప్పి, వీపు నొప్పి, వాంతి వచ్చినట్టుండటం, విపరీతమైన నీరసంలా వస్తుంది. గ్యాస్ అనుకుని సోడా తాగుతారు. ఇలాంటివి కనిపిస్తే కూర్చోబెట్టండి, నాలుక కింద పెట్టుకోమని డాక్టర్ రాసిన గోలీ ఉంటే చెప్పినట్టు పెట్టించండి, 108కి ఫోన్ చేయండి. వాచీ వైపు చూడొద్దు.

ఇంటిపని కూడా వ్యాయామమే, వాచీకే తెలీదు

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. చేతులతో చేసే పని కాళ్లతో చేసే అంతే పని కంటే గుండె మీద ఎక్కువ భారం వేస్తుంది, పల్సూ పెరుగుతుంది, బీపీ కూడా. చపాతీ పిండి పిసకడం, బట్టలు పిండడం, నీళ్ల బిందె ఎత్తడం, పైఅరలోంచి పప్పు డబ్బా దించడం, అన్నీ ఇందులోకే వస్తాయి. అడుగులు పడవు కాబట్టి వాచీ లెక్కలో ఇవేవీ ఉండవు. బైపాస్ అయినవాళ్లు ఎముక అతుక్కునే మొదటి ఆరు నుంచి పన్నెండు వారాలు నాలుగైదు కిలోలు దాటిన బరువు ఎత్తకూడదంటారు. నిండు బిందె అంతకు రెండు మూడింతలు ఉంటుంది.

మా అత్తమ్మ విషయంలో ఏమైందంటే, డాక్టర్ 105 దాటొద్దన్నారు, సాయంత్రం నడకలో ఎప్పుడూ 98 దగ్గరే ఉండేది, అందరం సంతోషించాం. రోజంతటి గ్రాఫ్ తెరిచి చూస్తే పొద్దున ఆరుంపావు నుంచి ఏడున్నర దాకా గీత కొండలా లేచి ఉంది. ఆవిడ పిండి కలుపుతోంది, కుక్కర్ దించుతోంది, మధ్యలో చంటోడికి నీళ్లు పోస్తోంది, ఇవన్నీ ఫ్యాను లేని వంటింట్లో. పిండి పిసికేటప్పుడు మణికట్టు కదలికల వల్ల వాచీ తప్పు చూపించే వీలుంది కాబట్టి, మర్నాడు పిండి గిన్నె పక్కన పెట్టించి వేళ్లతో లెక్కపెట్టాను. 112. "నాకేం కాలేదు, ఊరికే పిండి కలుపుతున్నా" అంది. ఆ గ్రాఫ్‌ని మామయ్యకీ మా ఆయనకీ చూపించాక పిండి పని చేతులు మారింది. నోటితో ఎన్నిసార్లు చెప్పినా కదలని మగవాళ్లు ఆ గీతకి కదిలారు.

కాబట్టి మొదటి రెండు వారాలు వాచీని రోజంతా ఉంచండి, రాత్రి గ్రాఫ్‌లో ఎక్కడ లేచిందో చూసి ఆ టైమ్‌కి ఏం చేస్తున్నారని అడగండి. పక్కన రాసుకోండి. ఏ పనికి ఎంత లేస్తుందో తెలిశాక పనుల్ని విడగొట్టొచ్చు: కూరగాయలు కూర్చుని తరగడం, బట్టల పని సాయంత్రానికి మార్చడం, భోంచేసిన వెంటనే నడకా, బరువు పనీ పెట్టుకోకపోవడం.

నడక

హైదరాబాద్‌లో చదునైన చోటు వెతుక్కోవడమే ఒక పని. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు ఇల్లున్నవాళ్లు గేటు దాటగానే ఎక్కుడు, తొలి వారాల్లో అది వద్దు. ఇందిరా పార్క్, కృష్ణకాంత్ పార్క్, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్క్, నెక్లెస్ రోడ్, ఏది దగ్గరైతే అది, లేదంటే అపార్ట్‌మెంట్ సెల్లార్ కూడా మహా భేషుగ్గా పనికొస్తుంది. కూర్చోవడానికి బెంచీలున్నాయా, ఆటో లోపలిదాకా వస్తుందా, ఇవి చూసుకోండి.

మొదటి అయిదు నిమిషాలు మెల్లగా, తర్వాత చెప్పిన వేగం, చివరి అయిదు పది నిమిషాలు మళ్లీ మెల్లగా. ఉన్నట్టుండి ఆగిపోతే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. వాచీ అంకెతో పాటు మాటని కూడా కొలమానంగా పెట్టుకోండి: పక్కావిడతో ముచ్చట పెట్టగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి అందకూడదు. నడుస్తూ స్తోత్రాలు చదువుకునేవాళ్లకి ఇంకా సులువు, ఒక పాదం పూర్తయ్యేలోపు మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. రీహాబ్‌లో బోర్గ్ స్కేల్ అని 6 నుంచి 20 దాకా అలసటకి మార్కులు వేయిస్తారు, స్వీడన్ సైకాలజిస్ట్ గున్నార్ బోర్గ్ పెట్టింది. మామూలుగా 11 నుంచి 13 మధ్యలో ఉండమంటారు, అంటే తేలిక నుంచి కొంచెం కష్టం దాకా. వాచీ 90 చూపిస్తున్నా ఆవిడ 16 అంటే ఆవిడ మాటే వినాలి.

ఏప్రిల్, మే నెలల్లో అదే దారి, అదే వేగం, అయినా పల్స్ పది దాకా ఎక్కువ కనిపిస్తే కంగారు పడొద్దు, వేడికి గుండె ఎక్కువ పనిచేస్తుంది. పొద్దున ఏడు లోపే నడక ముగించండి, ఎండ ముదిరితే ఇంట్లోనే. ఒంట్లో నీరు తీసే గోలీ వాడేవాళ్లు నీళ్లెన్ని తాగాలో డాక్టర్నే అడగాలి, "ఎండాకాలం కదా, ఎక్కువ తాగు" అని మనం చెప్పకూడదు. బతుకమ్మ రోజుల్లో ఇంకో ముచ్చట: వంగి లేస్తూ చప్పట్లు కొడుతుంటే వాచీ అంకె నమ్మడానికి లేదు, ఆ చప్పట్ల లెక్కే పల్స్ అనుకుంటుంది. ఆడనివ్వండి, రెండు పాటలయ్యాక పక్కకొచ్చి వేళ్లతో చూసుకుని మళ్లీ కలవమనండి.

ఫోన్ ఎవరిది

వాచీ ఒక ఫోన్‌కే కలుస్తుంది. ఆ ఫోన్ కొడుకుది, కొడుకు పగలంతా గచ్చిబౌలిలో, అమ్మ ఇంట్లో. పల్స్ హెచ్చరిక వాచీలోనే పనిచేస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు గానీ, పడిపోతే ఫోన్ చేసే ఫీచర్ మాత్రం, సిమ్ ఉన్న వాచీ అయితే తప్ప, దగ్గర్లో ఫోన్ ఉంటేనే పనిచేస్తుంది. అమ్మ ఫోన్‌కే కలపండి. ఆవిడది బటన్ ఫోన్ అయితే ఇంట్లో ఒక పాత స్మార్ట్‌ఫోన్‌ని దీనికి కేటాయించండి. తెలుగు రాని వాచీ అయినా నష్టం లేదు, ఆవిడకి తెలియాల్సింది రెండే: అంకె ఎక్కడ కనిపిస్తుంది, వణికితే ఆగి కూర్చోవాలి.

ఆవిడ పల్స్ గంటగంటకీ అమెరికాలో కూతురికి, ఇక్కడ కొడుక్కి, కోడలికి వెళ్లేలా పెట్టేముందు ఆవిణ్ణి అడగండి. "రాత్రి రెండింటికి 95 ఉంది, ఏమైందమ్మా" అని పొద్దున్నే ఫోన్ వస్తే ఆ టెన్షన్‌కే 95 అవుతుంది. ఇద్దరు చాలు.

డాక్టర్ దగ్గరికి

యాప్‌లో ముప్పై పేజీల గ్రాఫులు ఏ డాక్టరూ చూడరు, చూసే తీరికా ఉండదు. ఒక నోటుబుక్కులో రోజుకి ఒక లైను: లేవగానే పల్స్, బీపీ, బరువు, నడిచిన నిమిషాలు, నడకలో ఎక్కువలో ఎక్కువ పల్స్, అలసట మార్కు, గోలీ మర్చిపోతే ఆ సంగతి. గుండె బలహీనంగా ఉందన్నవాళ్లకి బరువు ముఖ్యం, ఒక్కరోజులో కిలో పైన గానీ వారంలో రెండు కిలోల పైన గానీ పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమోనని వెంటనే ఫోన్ చేయాలి. విశ్రాంతిలో పల్స్ కొన్నాళ్లుగా మెల్లగా పెరుగుతూ పోతున్నా, లయ తప్పుతోందని వాచీ మళ్లీ మళ్లీ చెప్తున్నా, అదే నడకకి మునుపటికంటే త్వరగా హెచ్చరిక వస్తున్నా, రివ్యూ తేదీ దాకా ఆగొద్దు. ఒక్కరోజు ఒక్కసారి వచ్చిన వింత అంకె గురించి మాత్రం ముందు పట్టీ బిగించి, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వేళ్లతో చూడండి.

ఛార్జింగ్ రాత్రిపూట పెట్టొద్దు, నిద్రలో పల్స్ పోతుంది. స్నానానికి వెళ్లేటప్పుడు తీసి పెడితే సరిపోతుంది, ఆ తర్వాత పూజ, టిఫిను అయ్యేసరికి నిండుతుంది. వెనక వైపు చెమటా సబ్బూ లేకుండా మెత్తని బట్టతో తుడిచి, చెయ్యి ఆరాక పెట్టించండి, పట్టీ కింద దురద వస్తే రెండు రోజులు ఇంకో చేతికి.